ఛాంపియన్ వాళ్ళన్న

డోన్ స్టేషన్లో నేను పాయింట్స్‌మన్‌ని. బండ్లను ఒక పట్టా మీదినుంచి ఇంకో పట్టా మీదికి మళ్ళించడం, ఆపాల్సినవాటికి ఎర్రజెండా చూపడం నా పని. నా తమ్ముడు అక్కడే ఇంజన్ల షెడ్డులో బొగ్గు గంపలు మోసేవాడు. నాకన్నా ఏడేళ్ళు చిన్న. మా నాయన పోయేనాటికి వాడికి ఇంకా మీసాలు రాలేదు కాబట్టి వాణ్ణి నేనే పెంచానని అందరికీ చెప్పుకునేవాణ్ణి. అడిగినవాళ్ళకూ చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను. నిజానికి పెంచింది అమ్మ. నేను మధ్యమధ్యలో నాలుగు తన్ని దారిలో పెట్టానంతే. అదీ నేననుకున్న దారిలో.

ఒకరోజు బొగ్గు ఆలస్యమైందని ఒక డ్రైవరు దొర వాణ్ణి చెంప మీద కొట్టబోయాడు. ఆయన ఆంగ్లో ఇండియన్. వాళ్ళను కూడా మేము దొరలనే అనేవాళ్ళం, అలా అంటే వాళ్ళకు ఇష్టం కాబట్టి. తమ్ముడు నడుము కాస్త వంచి పక్కకు జరిగాడు. దొర చేయి గాలిలో పోయింది. రెండోసారి కొట్టాడు, మళ్ళీ గాలే. మూడోసారి రెండు చేతులూ వాడాడు. తమ్ముడి నెత్తిన గంప అలాగే ఉంది, ఒక్క బొగ్గు పెల్ల కూడా రాలలేదు. వాడి ఉద్యోగం పోయిందనుకుని నేను పట్టాలు దాటి పరుగెత్తాను. నేను చేరేసరికి దొర చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఇతడు నీకు ఏమి అవుతాడు?" అని అడిగాడు.

"తమ్ముడు దొరా. తప్పయిపోయింది."

"సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌కి పంపించు," అన్నాడు.

ఇన్‌స్టిట్యూట్ అంటే రైల్వే దొరలు సాయంత్రాలు పేకాడుకునే, పాటలు పాడుకునే బంగళా. దాని వెనక నాలుగు గుంజలు పాతి మోకులు కట్టి ఉండేవి. అందులో చేతులకు తోలు సంచులు తొడుక్కుని కొట్టుకునేవాళ్ళు. దాన్ని బాక్సింగ్ అంటారని తెలిసినా మా ఊళ్ళో ఆ మాట చివరిదాకా ఎవరి నోటికీ అంటుకోలేదు. గుద్దులాట అనేవాళ్ళు. ఒక ముసలాయన నన్ను నడిబజారులో నిలబెట్టి, "ఏమప్పా, నీ తమ్ముడు పగ లేకుండానే మనిషిని కొడతాడంటనే, నిజమేనా?" అని అడిగాడు. నిజమేనన్నాను. ఆయన "అట్లయితే వాడు శానా చెడ్డోడప్పా," అని వెళ్ళిపోయాడు. పగ ఉండి చంపుకున్నా అర్థం చేసుకునే సీమ మాది, పగ లేకుండా కొట్టడం మాత్రం మింగుడుపడలేదు.

అమ్మకు అసలే మింగుడుపడలేదు. మాది మూడు తరాల కిందట బాప్టిస్మం తీసుకున్న కుటుంబం. ఆదివారం గుడి తప్పదు. "చెంప మీద కొడితే ఇంగొక చెంప చూపించమని ఆ దేవుడు చెప్తే, వీడు పొయ్యి ఎదుటోని చెంప వెతుకుతాండాడే," అని పాదిరిగారి దగ్గర ఏడ్చింది. పాదిరిగారు తెలివైనవాడు. దొరలతో పని అని, ఏమీ అనలేదు.

దొర వాడికి రెండు సంవత్సరాలు నేర్పాడు. కాళ్ళు ఎక్కడ పెట్టాలో, కళ్ళు ఎక్కడ పెట్టాలో. చేతుల సంగతి వాడికి ముందే తెలుసు. గుంతకల్లులో మొదటి పందెం, తర్వాత బెంగళూరులో సిపాయిలుండే దండులో, తర్వాత మద్రాసులో. మద్రాసులో వాడు తనకన్నా జానెడు పొడవున్న మనిషిని తొమ్మిదో రౌండులో పడగొట్టి, నడుముకు కట్టుకునే ఒక తోలు బెల్టు గెలుచుకుని వచ్చాడు. దాని మధ్యలో ఇత్తడి బిళ్ళ. అమ్మ దాన్ని ఎలుకలు కొరుకుతాయని జొన్నల కాగులో దాచింది. ఎవరైనా చూడాలంటే మోచేతిదాకా జొన్నల్లో చేయి పెట్టి తీయాల్సి వచ్చేది.

వాడు షెడ్డు పని మానేశాడు. పందేలు పెట్టించే కంట్రాక్టర్లు రమ్మన్న ఊరికల్లా పోయి సర్కస్ డేరాల్లో, సినిమా కొట్టాల్లో, సిపాయిల మైదానాల్లో కొట్టి, కొట్టించుకుని వచ్చేవాడు. కొట్టించుకోవడం కూడా ఉంటుందని నేను అప్పట్లో లెక్కలోకి తీసుకోలేదు. గెలిచి వచ్చినవాడికి దెబ్బలు తగలలేదనుకోవడం మా మూర్ఖత్వం. గెలిచినవాడు కూడా పది రౌండ్లు తిన్నాకే గెలుస్తాడు.

ఈలోగా నా బతుకు మారిపోయింది. నన్ను పేరు పెట్టి పిలవడం జనం మానేశారు. 'ఛాంపియన్ వాళ్ళన్న' అన్నారు. టీ కొట్టువాడు గ్లాసు రెండుసార్లు కడిగి ఇచ్చేవాడు. పన్నెండేళ్ళు ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డానో ఆ స్టేషన్ మాస్టరే ఒకరోజు నాకు స్టూలు వేయించి, తమ్ముడి పందేలు ఒక్కొక్కటీ చెప్పించుకున్నాడు. నేను అప్పటికి ఒక్క పందెం కూడా కళ్ళారా చూడలేదు. అయినా చెప్పాను. ఎడమ చేతి దెబ్బ ఎలా పడిందో, ఎదుటివాడి మోకాళ్ళు ఎలా వణికాయో అన్నీ చెప్పాను. చిన్న స్టూలే కానీ, ఎక్కి కూర్చున్నాక దిగబుద్ధి కాదు.

మార్పు మొదట కనిపెట్టింది మా మరదలు, అంటే తమ్ముడి భార్య. కమలాపురం పిల్ల. మిషన్ బడిలో చదువుకున్నది. నా ముందుకు రావాలంటే తలుపు చాటునుంచే మాట్లాడేది. ఒకరోజు అలా నిలబడి, "బావా, మీ తమ్ముడు నీళ్ళచెంబు కోసరం చెయ్యి చాపితే పక్కన పడతాండాది. చూసినావా?" అంది.

"నిద్ర చాలక అయింటాది," అన్నాను.

"రేత్రంతా నిద్రే గదా బావా. లేపినా లేయడంల్యా."

నేను విసుక్కున్నాను. మగవాడి ఒళ్ళు గురించి ఆడవాళ్ళకేం తెలుసని ఒక మాట కూడా అన్నాను. కానీ ఆ తర్వాత చూడకుండా ఉండలేకపోయాను. గుడిలో పాట పాడుతూ వాడు ఒకే చరణం రెండుసార్లు పాడాడు, పక్కవాళ్ళు ముందుకు పోయారని గమనించనే లేదు. సంగటి ముద్ద పులుసులో అద్దబోయి నేల మీద అద్దాడు. ఎడమ చెవిలో ఎప్పుడూ హోరు అనేవాడు. తంతి స్తంభానికి చెవి ఆనిస్తే వస్తుందే, ఆ హోరు.

"ఎవురికో తంతి వస్తాండాదన్నా," అని నవ్వేవాడు.

ఆ రోజుల్లో మాలాంటి ఇళ్ళకు తంతి, అంటే టెలిగ్రాము, వచ్చేది ఒక్క చావు కబురుకే. అమ్మ ఆ మాట విన్నప్పుడల్లా చెవులు మూసుకునేది. నేను మాత్రం నవ్వాను. వాడు నవ్వుతున్నాడు కదా అని నవ్వాను.

రెండో ప్రపంచయుద్ధం మధ్యలో డ్రైవరు దొరను సైన్యం బండ్లు నడపడానికి బదిలీ చేశారు. అప్పటిదాకా వాడి ప్రతి పందేనికి రింగు మూల నిలబడేది ఆయనే. వెళ్ళే ముందు రోజు మా ఇంటికి వచ్చాడు. దొర మా గుమ్మం ముందు నిలబడడం అదే మొదలు, అదే ఆఖరు. నన్ను బయటికి పిలిచి, భుజం మీదున్న తెల్ల తువ్వాల తీసి నా చేతిలో పెట్టాడు.

"కడప పందెం వాడు ఆడకూడదు. ఆ కళ్ళు నేను చూశాను. అది నువ్వు చెప్పు, నీ మాట వింటాడు. చెప్పలేకపోతే నువ్వే మూల నిలబడు. ఈ మనిషి ఎప్పుడూ 'చాలు' అని చెప్పడు. వాడికి ఆ మాట రాదు. వాడి బదులు నువ్వు చెప్పాలి. టవల్ లోపల వేస్తే అంతే, ఖతం. రెఫరీ ఆపుతాడు. ఓడిపోతాడు, బతుకుతాడు," అన్నాడు.

ఆయన చెప్పిన మొదటి మాట నేను తమ్ముడికి చెప్పలేదు. కడపలో డేరా వేసేశారని, జిల్లా అంతా టిక్కెట్లు అమ్ముడుపోయాయని నాకు నేను చెప్పుకున్నాను. రెండో మాట మాత్రం చెప్పాను, అది నాకు గొప్ప కాబట్టి. ఛాంపియన్ మూల ఇక నుంచి నాది.

మరునాడు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి తమ్ముడు నడవలో నులక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్ళు తెరుచుకునే. అమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది. కడప పందెం గురించి ఆమె ముందునుంచే గొణుగుతోంది. ధైర్యం చెప్పాలనుకున్నాను.

"నువ్వు భయపడొద్దులేమ్మా. వాడు తట్టుకోలేకపోతే నేనుండా గదా. గుడ్డేస్తా," అన్నాను. ఎలా వేస్తానో చూపించాలని తువ్వాలను విసిరాను కూడా. అది పోయి తమ్ముడి మొహం మీద, ఛాతీ మీద పరుచుకుంది.

అమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

మా వైపు మనిషి పోతే చుట్టాలు వట్టి చేతులతో రారు. తలా ఒక కొత్త గుడ్డ తెచ్చి శవం మీద వేసి, ఆ తర్వాతే ఏడుస్తారు. గుడ్డేయడం అంటే అదొక్కటే. ఎవరైనా కొత్త గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని పోతుంటే, "యాడికప్పా, ఎవురికి గుడ్డేసేదానికి పోతాండావు?" అని అడుగుతారు. హిందువులైనా మేమైనా అంతే. బాప్టిస్మం నీళ్ళు మా తలల మీద పడ్డాయి గానీ ఎముకల దాకా దిగలేదు. టవల్ అన్నా సరిపోయేది, తువ్వాల విసురుతా అన్నా సరిపోయేది. దొర మాటను అమ్మకు తెలిసేలా చెప్పాలని నేను వెతికి వెతికి ఆ ఒక్క మాటే పట్టుకున్నాను.

"బతికుండే బిడ్డ మీద గుడ్డేస్తావా నువ్వు?" అంది అమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "ఒక కడుపున పుట్టినోడివి. నీ చేత్తో నువ్వే వేస్తావా?"

అది శవానికి వేసే గుడ్డ కాదని, ఆట ఆపడానికి వేసేదని ఎంతో చెప్పాను. ఆమె లేచి వచ్చి తువ్వాలను రెండు వేళ్ళతో తీసి అవతల పడేసింది. వాడి తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. దేవుని వాక్యపు పుస్తకం తెచ్చి దాని మీద నా చేయి పెట్టించింది. ప్రమాణాలు చేయవద్దని చెప్పే పుస్తకం మీదే నాచేత ప్రమాణం చేయించింది. తమ్ముడి మీద గుడ్డ పడనీయను అని నేను అనాలి. అన్నాను.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. మొహం మీదికి గుడ్డ వస్తుంటే ఎవడైనా చేయి అడ్డం పెడతాడు, కనీసం రెప్ప వేస్తాడు. తమ్ముడు వేయలేదు. దొర చేతిని మూడుసార్లు గాలికి వదిలేసినవాడు, నాలుగు బారల దూరం నుంచి నిదానంగా వచ్చిన తువ్వాలను చూడలేదు. మొహం మీద పడ్డాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు. అది నేను చూశాను. అమ్మ గుడ్డను చూసింది, నేను వాణ్ణి చూశాను. చూసి ఊరుకున్నాను.

సాయంత్రం నీళ్ళ తొట్టి దగ్గర మరదలు మొదటిసారి తలుపు చాటు లేకుండా నా ఎదుటికి వచ్చింది.

"అత్త మాట అత్తది బావా. నువ్వు ఏసెయ్. ఓడిపోయినోని పెండ్లాన్నయి ఉంటా, నాకేం సిగ్గుల్యా. నాకు మనిషి కావల్ల," అంది.

"చూస్తాలే," అన్నాను.

చూస్తాలే అనే మాట ఉందే, అది అవునూ కాదు, కాదూ కాదు. దాన్ని పట్టుకుని ఎదుటివాళ్ళు ఇంటికి పోతారు, మనం మనింటికి పోతాం. ముందు నుయ్యి వెనక గొయ్యి అని నాకు నేను జాలి పడ్డాను. నూతిలో పడబోయేది నేను కాదని అప్పుడు తోచలేదు.

కడపకు నలుగురం రైల్లో పోయాం. అమ్మ రానంటూనే వచ్చింది. గుడ్డ సంగతి కనిపెట్టుకుని ఉండడానికే వచ్చిందని అందరికీ తెలుసు. ఎర్రగుంట్లలో బండి ఆగితే జనం మా కిటికీ దగ్గరికి వచ్చారు. ఒకాయన ఛాంపియన్ చేయి పట్టుకోవాలని లోపలికి చేయి చాపాడు. తమ్ముడు నవ్వుతూ చేయి చాపి, ఆయన చేయి పక్కనున్న కిటికీ ఊచను పట్టుకుని ఊపాడు. నేను గబుక్కున వాడి చేతిని తీసి ఆయన చేతిలో పెట్టి గట్టిగా నవ్వాను. ఆయనా నవ్వాడు. మరదలు కొంగుతో నోరు మూసుకుని అవతలి కిటికీ వైపు తిరిగింది.

పందెం సర్కస్ డేరాలో, పొద్దు వాలే వేళ. గాలి ఆడాలని పడమటి వైపు డేరా గుడ్డ ఎత్తి కట్టారు. ఎండ ఏటవాలుగా రింగు మీదికి వస్తోంది. ఎదుటివాడు బెంగళూరు దండులోని సిపాయి, కుర్రవాడు, నిండా ఇరవై రెండు కూడా ఉండవు. అమ్మా మరదలూ నాకు ఎదురుగా ఆడవాళ్ళ బల్లల మీద కూర్చున్నారు. నేను తమ్ముడి మూలలో, భుజాన తువ్వాలతో.

నాలుగు రౌండ్లు వాడు పాత మనిషే. కాళ్ళు కదులుతున్నాయి, తల కదులుతోంది. జనం గుడ్డలు చించుకుని అరుస్తున్నారు. ఇంతకాలం స్టూలు మీద కూర్చుని కల్పించి చెప్పినవన్నీ నిజమేనని నాకు ధైర్యం వచ్చింది.

ఐదో రౌండులో సిపాయి కణత మీద కొట్టాడు. పెద్ద దెబ్బలా లేదు. చప్పుడు కూడా రాలేదు. కానీ గంట కొట్టాక తమ్ముడు నా వైపుకు రావడానికి మోకు పట్టుకుని వచ్చాడు. పీటకు జానెడు ఇవతల కూర్చోబోయాడు. నేను పీటను వాడి కిందికి తోశాను.

"ఎన్నోదన్నా?"

"ఐదు అయిపోయినాయి."

"ఇంగ ఎన్నుండాయి?"

"ఐదే," అన్నాను. ఇంకా ఐదున్నాయి అనలేదు, ఐదే అన్నాను.

వాడు తల నా వైపు తిప్పి కాసేపు అలాగే ఉన్నాడు. ఏదో అడగబోతున్నాడనుకున్నాను. మళ్ళీ గంట కొట్టారు.

ఆరో రౌండులో వాడు తల తిప్పడం మానేశాడు. తగిలేదాకా చేయి ఎటునుంచి వస్తుందో తెలియనివాడిలా నిలబడి, తగిలాక అటువైపు కొడుతున్నాడు. ఏడులో ఒకసారి సిపాయి పక్కకు జరిగితే తమ్ముడు మూలగుంజకు ఎదురుగా నిలబడి, దానికే చేతులెత్తి కాచుకున్నాడు. జనంలో కొందరు నవ్వారు, వేళాకోళం అనుకుని.

నేను భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకున్నాను.

ఎదురుగా అమ్మ లేచి నిలబడింది. ఆమె కొడుకును చూడడం లేదు, నా చేతిని చూస్తోంది. పక్కన మరదలు కూర్చునే ఉంది. ఆమె కూడా నా చేతినే చూస్తోంది. ఎన్నో వేల బండ్లకు ఎర్రజెండా చూపి ఆపినవాణ్ణి నేను. గుడ్డ ఎత్తడం ఒకటే నా బతుకులో నాకు బాగా వచ్చిన పని. చేయి సగం లేచింది. అప్పుడు నా వెనకనుంచి ఎవరో, "ఛాంపియన్ వాళ్ళన్న లేసినాడప్పా, ఇంగ చూడు," అన్నారు.

నేను తువ్వాలను తలకు చుట్టుకున్నాను. రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి, తలపాగా కట్టుకున్నాను. నా వెనక జనం ఈలలు వేశారు. ఛాంపియన్ అన్న తలపాగా చుట్టాడంటే గెలుపు ఖాయమనుకున్నారు.

తర్వాత చాలా ఏళ్ళు ఇదంతా అమ్మ మీదికి నెట్టాను. ప్రమాణం చేయించింది, కళ్ళతో నన్ను కట్టేసింది అనుకున్నాను. అనుకోవడం సులువే. కానీ తలకు తువ్వాల చుట్టుకుంటున్నప్పుడు నా లోపల అమ్మ లేదు, దేవుడు లేడు. డోన్ స్టేషన్లో రేపు పొద్దున ఏ మొహంతో దిగాలా అన్న ఒక్క ఆలోచనే ఉంది. ఓడిపోయినవాడి అన్నకు స్టూలు ఎవరు వేస్తారు? ఇది రాస్తుంటే నా చేయి మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఎనిమిదో రౌండులో తమ్ముడు గాలిలోకి ఒక దెబ్బ విసిరాడు. ఎవరికీ గురిపెట్టి కాదు. అప్పుడే సిపాయి ముందుకు వచ్చాడు. అతని దవడ మీద తగిలింది. సిపాయి నరికిన జొన్నదంటు పడినట్టు పడ్డాడు. రెఫరీ పది లెక్కపెట్టాడు. డేరా కూలిపోయేటంత అరుపులు. తమ్ముడు మాత్రం ఇంకా చేతులెత్తి కాచుకునే ఉన్నాడు, ఎవరూ లేని వైపుకు.

నేను రింగులోకి దూకి వాణ్ణి పట్టుకున్నాను. నన్ను కూడా కొట్టబోయాడు. "నేనురా, అన్నను. అయిపోయింది, గెలిచినాం," అని అరిచాను. గెలిచినాం అన్నాను.

వాడు చేతులు దించాడు. పడమటి ఎండ నేరుగా వాడి మొహం మీద పడుతోంది. నాకు కళ్ళు చికిలించుకోవాల్సి వచ్చింది. వాడు రెప్ప కొట్టలేదు.

"పొద్దు గుంకిందా అన్నా?" అని అడిగాడు.

జనం వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని మైదానమంతా తిప్పారు. పలకలు వాయించారు. నన్ను కూడా ఎవరో ఎత్తుకున్నారు. ఆ ఎత్తులోంచి నాకు మరదలు కనిపించింది, జనానికి ఎదురు నడుస్తూ మొగుణ్ణి దింపమని ఒక్కొక్కడి చొక్కా పట్టుకుని లాగుతోంది. ఎవరూ వినలేదు.

మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, కంటి లోపలి పొరలు ఊడిపోయాయని, ఒక కన్ను ముందే పోయి ఉండాలని చెప్పింది. తల లోపల దెబ్బకు మందు లేదంది. ఆరు వారాలు అక్కడే ఉంచి ఇంటికి పంపారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను కర్నూలు తీసుకుపోయాను, మద్రాసు తీసుకుపోయాను. అందరూ అదే చెప్పారు.

అమ్మ మాత్రం పలకరించడానికి వచ్చినవాళ్ళకల్లా, "కండ్లు పోతే పోయినాయి. పానం ఉండాది. ఆ పొద్దు గుడ్డ పడనీలేదు కాబట్టే నా బిడ్డ ఉండాడు," అని చెప్పేది. ఆ నమ్మకంతోనే రెండేళ్ళకు పోయింది. ఆమెను చూస్తే నాకు కోపం వచ్చేది, పోయాక ఆ కోపం పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. మరదలు నాతో మాట్లాడడం మానేసింది. ఊళ్ళోనే వాడితో వేరు కాపురం పెట్టి, బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పి ఇల్లు నడిపింది. నేను పోతే అన్నం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది. మాట మాత్రం లేదు. స్టేషన్ నుంచి ఎన్ని కబుర్లు మోసుకుపోయినా ఆ ఇంట్లో నేను తమ్ముడితోనే మాట్లాడాలి. వాడు కొన్ని రోజులు బాగుండేవాడు, కొన్ని రోజులు నన్ను నాయన అనుకునేవాడు.

తెల్లదొరలు పోతున్నారని ఊరంతా చెప్పుకుంటున్న ఏడు, ఒక మధ్యాహ్నం వాడి దగ్గర కూర్చుని ఉన్నాను. వాడు తడుముకుంటూ చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. మరదలు అవతల జొన్నలు చెరుగుతోంది. ఆ రోజు వాడి మనసు తేటగా ఉంది.

"అన్నా, నాకు కడపలో ఐదోదాంట్లోనే కండ్లు పోయినాయి," అన్నాడు.

"చెప్పలేదే నాకు," అన్నాను.

"చాలు అనేది నాకు రాదు గదన్నా. దొర చెప్పమన్నాడని నువ్వే గదా అంటివి, ఆ మాట నేను చెప్తా, నువ్వు ఆడుకో అని. ఆ ధైర్నంతోనే ఆడినా." ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేశాడు. "అమ్మ ప్రమాణం చేయించినా అన్న గుడ్డేసే ఉంటాడు, రెఫరీ చూసుండడు అనుకుంటి. ఇంగొక గుద్దు ఓర్చుకుంటే చూస్తాడులే అనుకుంటి. అది అయితే ఇంగొకటి. అట్లనే ఉంటి ఎనిమిది దాకా." మొహం నా వైపు తిప్పాడు. "ఏసినావు గదన్నా?"

అవతల చెరుగుతున్న చప్పుడు ఆగింది.

"ఏసినారా," అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "రెండుసార్లు ఏసినా. వాళ్ళు చూడలే."

వాడు పెద్ద ఊపిరి వదిలాడు. "నేను అనుకుంటి," అని మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. మరదలు లేచి లోపలికి పోయింది. కాసేపటికి కంచం తెచ్చి నా ముందు పెట్టి, నాలుగేళ్ళలో మొదటిసారి నాతో మాట్లాడింది. "తిను బావా. ఇంగ రోజూ వచ్చి ఇదే చెప్పు ఆయనకు," అంది.

రోజూ పోతున్నాను. చెప్పాల్సిన పని కూడా లేదు, వాడే చెబుతున్నాడు. మిగతావన్నీ మర్చిపోతాడు గానీ ఇది మర్చిపోడు. ఎవరు పలకరించడానికి వచ్చినా కూర్చోబెట్టి, "మా అన్న రెండుసార్లు గుడ్డేసినాడప్పా, వాళ్ళే చూసుకోలే," అంటాడు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆ సాయంత్రం కడప డేరాలో ఉన్నవాళ్ళే. నేను తువ్వాలను తలకు చుట్టుకోవడం చూసి ఈల వేసినవాళ్ళే. వాళ్ళు నా వైపు చూస్తారు. నేను తల దించుకుని ఉంటాను. వాళ్ళు మంచినీళ్ళు తాగి లేచిపోతారు.